పొద్దున్నే కిటికీలు తెరిపించిన కుసుమాంటీ

చలికాలం ఉదయాల్లో పడగ్గది కర్టెన్ పక్కకు లాగితే తడి గుడ్డ, చల్లటి చెక్క కలిసిన వాసన ముక్కుకు తగులుతుంది. అద్దం మీద నుంచి నీళ్లు ధారలుగా జారి కిటికీ అంచున నిలిచి ఉంటాయి. నగర శివారులోని ఫ్లాట్ బుష్‌లో మాది కొత్త ఇల్లే, అయినా ఈ తడి తప్పదు. పనికి వెళ్లే దారిలో మోటార్‌వే మీద ట్రాఫిక్ తలుచుకుంటేనే నీరసం వస్తుంది. అయినా పాత తువ్వాలు తీసుకుని అద్దాలన్నీ తుడిచి, కిటికీలు తెరిచి, ఆ తర్వాతే కాఫీ పెట్టుకుంటాను. ఇది నాకు నేర్పింది కుసుమాంటీ.

అప్పట్లో మేము నగరానికి మరో చివర హెండర్సన్‌లో ఒక పాత ఇంట్లో అద్దెకుండేవాళ్లం. ఆంటీది పక్క వాటా, మధ్యలో ఒకే గోడ. వాళ్లది కడప. అంకుల్ బస్సు నడిపేవారు. నేను ఈ దేశం వచ్చి చదువు ముగించి ఒక గోడౌన్‌లో చేరాను. నా భార్య స్వాతి వృద్ధుల హోమ్‌లో పనిచేసేది. నేను ఇంటికి వచ్చే వేళకు తను వెళ్లిపోయేది. మూడేళ్ల మా పాప నిత్యను ఒకరి చేతుల్లోంచి ఒకరు అందుకుంటూ రోజులు నెట్టుకొచ్చాం.

ఒకరోజు ఆంటీ చిత్రాన్నం గిన్నెతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏం నాయనా, ఇల్లంతా ముక్కిన వాసన వస్తాంది. కిటికీలు తెరవవా?"

"తెరిస్తే హీటర్ వేడంతా పోతుంది ఆంటీ."

"పోతే పోనీ. పొద్దున్నే రవ్వంతసేపు తెర్చి మూయి. తడిగుడ్డలు పడగ్గదిలో ఆరేస్తే ఆ తేమంతా పాప పీలుస్తాది."

చేద్దామనే అనుకున్నాను. కానీ ఆ వారమంతా వాన. బట్టలు ఆరేయడానికి వేరే చోటు లేదు. ఆ వారం చివర్లో నిత్యకు ఊపిరి ఆడలేదు. ఆంటీవాళ్ల కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. పాప ముఖానికి మాస్కు పెట్టినప్పుడు స్వాతి నా చొక్కా పట్టుకున్న పట్టు నాకింకా తెలుస్తూనే ఉంది.

పాప ఇంటికి వచ్చాక ఆంటీ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మంచాన్ని బయటి గోడకు దూరంగా జరిపించింది. గోడ మీద నల్లగా పట్టిన బూజును నాతో పాటు తోమింది. మా తడిబట్టలన్నీ తన గ్యారేజీలో ఆరేయించింది. మర్నాటి నుంచి పొద్దున్నే గోడ తట్టేది. మా కిటికీ తెరిచిన చప్పుడు వినబడేదాకా ఆపేది కాదు.

ఒక ఉదయం నాకు విసుగొచ్చింది. వెళ్లి వాళ్ల తలుపు కొట్టాను.

"ఈ ఒక్కరోజు వదిలేయండి ఆంటీ. నిలబడే ఓపిక కూడా లేదు."

ఆమె స్వెటర్ మీద శాలువా కప్పుకుని ఉంది. మోకాళ్ల నొప్పితో గోడ పట్టుకుని నిలబడింది.

"నాకు మాత్రం ఓపిక యాడుంది నాయనా? ఓపిక వచ్చినాక చేద్దామంటే పాప దగ్గు ఆగుతాదా? పద, ఈ పొద్దు నేను తుడుస్తా. నువ్వు కూచో."

నన్ను సోఫాలో కూర్చోబెట్టి అద్దాలన్నీ తనే తుడిచింది. నేను కూర్చున్నచోటే నిద్రపోయాను.

ఆ చలికాలంలోనే నిత్య మరోసారి ఆసుపత్రిపాలైంది. మరుసటి ఏడు ఆ అవసరం రాలేదు. సంతోషం పట్టలేక ఆంటీతో అంతా మీ చలవే అంటే, "ఏమో నాయనా, పిల్ల పెద్దదైంది గదా" అని ఊరుకుంది. నిజమేమిటో నాకూ తెలియదు.

తర్వాత వాళ్లు కూతురి దగ్గరికి టౌరంగా వెళ్లిపోయారు. ఫోన్ చేసినప్పుడల్లా ముందు పాప సంగతి అడిగేది, తన మోకాళ్ల సంగతి దాటేసేది. నిరుడు అంకుల్ ఫోన్ చేసి ఆంటీ ఇక లేదని చెప్పారు. నిత్యను తీసుకుని టౌరంగా వెళ్లి వచ్చాం.

నిత్యకిప్పుడు పదకొండేళ్లు. నెట్‌బాల్ ఆడుతుంది, మైదానమంతా పరుగెత్తి ఎర్రబడ్డ ముఖంతో వచ్చి నీళ్లు అడుగుతుంది. ఆసుపత్రి దానికి గుర్తులేదు. ఆ రోజు టౌరంగా నుంచి వస్తుంటే వెనక సీట్లోంచి, "డాడీ, ఆ ఆంటీ మనకి రిలేటివా?" అని అడిగింది. కాదన్నాను. కాసేపటికి అది హాయిగా నిద్రపోయింది. గుర్తుపెట్టుకోవాల్సిన బాధ దానికి లేకుండా చేసి వెళ్లింది ఆంటీ. గుర్తుపెట్టుకోవడం నా వంతు.