చెయ్యి దూరని సీటు

మలేసియాలోని సెపాంగ్ విమానాశ్రయంలో పంతొమ్మిదేళ్లుగా విమానాలు శుభ్రం చేస్తున్న జబేదా బింతి సాద్‌కి ఒక మంగళవారం పొద్దున, డ్యూటీకి వెళ్లే బస్సులో ఉండగా, ఫోన్‌లో ఒక ఆహ్వానం వచ్చింది. రెండుసార్లు చదివింది. అర్థమైనట్టే ఉంది గానీ కాలేదు.

'గౌరవనీయులైన జబేదా బింతి సాద్ గారికి. దూరప్రయాణాల్లో మీ అనుభవం మాకెంతో విలువైనది. మా కొత్త బిజినెస్ క్లాస్ సీటును స్వయంగా చూసి, మీ అభిప్రాయం చెప్పవలసిందిగా మనవి. గురువారం ఉదయం పది గంటలకు. మధ్యాహ్న భోజనం మాతోనే.' కింద ఆమె పనిచేసే విమాన సంస్థ ముద్ర ఉంది.

బట్టలు మార్చుకునే గదిలో ఫోన్‌ని లెచ్చుమి ముందు పెట్టింది. ఆమె, ఈమె ఎనిమిదేళ్లుగా ఒకే జట్టు.

"ఏమే, ఇది నాకేనంటావా?"

"పేరు నీదేగా బెదక్కా. మొన్న ఉపవాసాల ముందు సూపర్‌వైజర్ మీద పడి అరిచావు చూడు, సీటు పక్క సందులో చెయ్యి దూరట్లేదని! అదే పైదాకా పాకుంటుంది."

"అరిచినందుకు అన్నం పెడతారా ఎక్కడైనా?"

"పెడతానంటే తినక, నీకెందుకక్కా విచారణ? నాకో ముక్క కేకు దాచిపెట్టి తే."

అరిచిన మాట నిజమే. విమానం ముందు భాగంలో ఉండే ఆ పెద్ద సీట్లకీ, కిటికీ వైపు గోడకీ మధ్య ఒక సందు ఉంది. పడ్డ వస్తువల్లా అందులోకే జారుతుంది. వేరుశెనగ పలుకులు, చెవికమ్మలు, ఒకసారి ఎవరివో కట్టుడు పళ్లు. జబేదా చెయ్యి లావు, మణికట్టు దగ్గరే ఆగిపోతుంది. లెచ్చుమిది సన్నం, దూరుతుంది గానీ అడుగు అందదు. నలుగురు ఆడవాళ్లు ఆ భాగమంతా పన్నెండు నిమిషాల్లో తుడిచి దిగాలి. అలాంటి సీట్లను ఆమె ఎన్ని వేలసార్లు తుడిచిందో లెక్కే లేదు. ఒక్కసారీ కూర్చోలేదు. కూర్చోకూడదన్న నియమం ఉంది నిజమే, కానీ ఆమె కూర్చోనిది భయంతో కాదు, తీరిక లేక. విమానం ఎక్కి ఎక్కడికీ వెళ్లనూ లేదు. పుట్టింది బాంతింగ్‌లో. పద్దెనిమిదో ఏట సుంగై వే అనే ఊళ్లో రేడియో విడిభాగాలు అతికే ఫ్యాక్టరీలో చేరింది. అది మూతపడ్డాక లారీ నడిపే భర్తతో ఇటువైపు వచ్చి ఈ పనిలో కుదురుకుంది. అంతే ఆమె చేసిన దూరప్రయాణం.

బుధవారం సాయంత్రం బీరువా ముందు నిలబడి ఆమె ఎటూ తేల్చుకోలేకపోయింది. యూనిఫాం వేసుకోవాలా, పండగ బట్టలా?

"పనికి పిలిచారా, విందుకి పిలిచారా? అది తేల్చుకో ముందు," అన్నాడు భర్త జమాలుద్దీన్, టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే.

"అదే తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?"

"నన్నెప్పుడు అడిగావు? బీరువాని అడుగుతున్నావు."

చివరికి పండక్కి కుట్టించుకున్న ఆకుపచ్చ బాజు కురుంగ్, ఆ పొడుగు చొక్కా పావడా, వేసుకుంది. ఎందుకైనా మంచిదని సంచిలో రబ్బరు చేతితొడుగులు పెట్టుకుంది.

సరుకుల గిడ్డంగుల వెనక ఒక పెద్ద హాల్లో, ముక్కూ తోకా లేని విమానం ముక్క ఒకటి నిలబెట్టి ఉంది. మెయ్ శాన్ అనే చీనా అమ్మాయి ఎదురొచ్చి, "స్వాగతం మేడమ్, ఎంత అందంగా ఉన్నారో!" అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. పంతొమ్మిదేళ్లలో ఆ సంస్థవాళ్లెవరూ ఆమెను మేడమ్ అనలేదు. జబేదా వెనక్కి తిరిగి చూసుకుంది. వెనక ఎవరూ లేరు.

కూర్చోబెట్టారు. వెచ్చటి తడి తువ్వాలు పళ్లెంలో పెట్టి ఇచ్చారు. తువ్వాలు చేతికందగానే ఆమె సీటు చేతిని ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడిచేసింది. మెయ్ శాన్ పకపకా నవ్వింది.

"శుభ్రతంటే మీకు చాలా పట్టింపనుకుంటాను మేడమ్."

"మరి అందుకేగా నన్ను పిలిచింది?"

ఆ అమ్మాయి మళ్లీ నవ్వి, ఏదో రాసుకుంది. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది.

"సీటు దగ్గరికి రాగానే మీరు మొట్టమొదట ఏం చేస్తారు?"

"మోకాళ్ల మీద కూర్చుంటాను."

మెయ్ శాన్ కలం ఆగింది. "ఎక్కడ మేడమ్?"

"కాళ్లు పెట్టుకునే ఆ గూడు ముందు. తల లోపలికి వంచాలి కదా."

"ఓ... క్షమించండి, నాకు తట్టలేదు," అంది మెయ్ శాన్ గొంతు తగ్గించి. నమాజుకి చోటు చాలడం లేదని రాసుకుంది. జబేదాకి ఆ రాత తలకిందులుగా కనిపించింది. నమాజు మాట ఎక్కడ నుంచి వచ్చిందో అంతుపట్టలేదు. పెద్ద చదువుల వాళ్లు, వాళ్ల లెక్క వాళ్లకుంటుందిలే అనుకుంది.

"మీకు ఏ సీటంటే ఇష్టం?"

"ఇష్టం సంగతి తెలీదమ్మా. రెండో వరుస కిటికీ సీటంటే మాత్రం ఒళ్లు మండుతుంది. చెయ్యి దూరదు."

"చెయ్యి పెట్టుకోవడానికి చోటు లేదంటారు. ఒకటి నుంచి ఏడు దాకా ఎన్నిస్తారు?"

"ఏడంటే మంచా, చెడా?"

"మంచి."

"ఒకటి మరీ తక్కువైపోతుందేమో. సూపర్‌వైజర్‌కి కోపమొస్తుంది. మూడు రాసుకో."

అలా నలభై ఒక్క ప్రశ్నలు. ఆఖర్న సీటును పరుపులా చేసి పడుకోమన్నారు. ఆ మీట ఆమెకు కొత్త కాదు. రోజూ బయట నిలబడి నొక్కేదే. కానీ తను పైన ఉండగా సీటు కింద నుంచి కదిలేసరికి రెండు చేతులా అంచులు పట్టుకుంది. దీపాలు తగ్గించి, "నలభై నిమిషాలు హాయిగా పడుకోండి," అని మెయ్ శాన్ తలుపు జరిపింది.

పడుకోవడం పనా, విశ్రాంతా? నిద్రపోతే తప్పా, పోకపోతే తప్పా? పైకప్పును ఎప్పుడూ అలా పడుకుని చూడలేదు, అక్కడొక మరక కూడా లేదు. దుప్పటి మెత్తగా ఉంది. రోజూ పోగేసి సంచుల్లో కుక్కే దుప్పటే, ఒంటి మీద ఉంటే వేరేగా ఉంది. ఇప్పుడెవరైనా చూస్తే, ఏయ్ లే అంటారేమోనని చెవులు రిక్కించుకునే ఉంది. నడుముకి మాత్రం ఆ పరుపు ఎంత సుఖంగా ఉందంటే, ఆమెకు తెలీకుండానే కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఎందుకో ఆమెకూ తెలీలేదు.

లేచాక భోజనం పెట్టారు. తింటుండగా మెయ్ శాన్ అడిగింది.

"మార్చిలో మీరు లండన్ వెళ్లినప్పుడు ఇచ్చిన చేప బాగుందా, ఇది బాగుందా?"

"లండనా? నేనెందుకు వెళ్తానమ్మా?"

"మరి... మీరు ఏడాదికి ఎన్ని విమానాలెక్కుతారు?"

"ఏడాదికెలా చెప్పను? రోజుకి ఆరు. పండగ రోజుల్లో తొమ్మిది."

మెయ్ శాన్ గబగబా జాబితా తిరగేసింది. జబేదా బింతి సాద్ ఇంకొకరున్నారు, బాంగ్సార్‌లో వకీలు. నెలకోసారి లండన్ వెళ్లొస్తుంటారు. ఇద్దరి పేరూ ఒకటే కావడంతో సందేశం ఉద్యోగుల జాబితాలో ఉన్న నంబరుకి పోయింది.

విషయం విని జబేదా చెంచా కింద పెట్టేసింది. పరాయి ఇంట్లో పరాయి కంచంలో తిన్నట్టుగా ఉంది. "నేను దొంగతనానికి రాలేదమ్మా. పిలిస్తే వచ్చాను," అంది. గబగబా లేచి దుప్పటి మడిచింది, దిండు దులిపింది, నడుము పట్టీని అడ్డంగా వేసింది. మెయ్ శాన్ "వద్దు మేడమ్, వద్దు" అంటూ వెంటపడింది. ఏం వద్దంటోందో ఇద్దరికీ తెలీదు.

అప్పుడు అద్దాల గదిలోంచి ఒక పెద్దాయన బయటికొచ్చాడు. ఆ సీటుకి నక్షా గీసిన మిస్టర్ ఓంగ్. పొద్దుట్నుంచీ అంతా వింటూనే ఉన్నాడు.

"అక్కా, చెయ్యి దూరదన్నారే. ఎక్కడ?"

అక్కా అన్నాడు గనక ఆమె ఆగింది. సంచిలోంచి తొడుగులు తీసి వేసుకుని, కొత్త సీటు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "పాతదాని కంటే ఇది ఇంకా ఇరుకు. ఇదిగో, ఇక్కడ." లెచ్చుమి లేదు గనక ఒక గరిట అడిగి తెప్పించుకుని లోపల గీకింది. వేరుశెనగ పొట్టు, ఎవరిదో పేరు కార్డు బయటపడ్డాయి.

"వారం క్రితమే అమర్చాం దీన్ని," అన్నాడు ఓంగ్, నమ్మలేనట్టు.

"వారమా? మా దగ్గర లండన్ నుంచి ఒక్క విమానం వస్తే చాలు, నిండిపోతుంది."

గంటసేపు ఆమె చూపించింది, అతను గీసుకున్నాడు. మెయ్ శాన్ మాత్రం ఆ నలభై ఒక్క జవాబుల కాగితాన్ని పట్టుకుని, "ఇది ఎవరి పేరున పెట్టను సార్? ప్రయాణికులనే గడి ఒక్కటే ఉంది," అని అడుగుతూనే ఉంది.

మర్నాడు సూపర్‌వైజర్ పిలిచి, అతిథుల కార్యక్రమానికి అనుమతి లేకుండా ఎందుకు వెళ్లావో రాసిమ్మన్నాడు. పిలిచారు, వెళ్లాను, అని రెండు ముక్కలు రాసింది. వారం తిరక్కుండా అదే సూపర్‌వైజర్ పై ఆఫీసు నుంచి వచ్చిన అభినందన పత్రం చేతికిచ్చాడు. మరి తను రాసిచ్చిన కాగితం ఫైల్లోంచి తీసేశారా అని అడిగింది. తనకూ తెలీదన్నాడు.

రెండేళ్లకి కొత్త సీట్లతో మొదటి విమానం వచ్చింది. జబేదా వంగి చూస్తే, గోడ పక్కన అరచేతంత మూత ఉంది. నొక్కితే ఊడి వచ్చింది. మోచేయి దాకా దూరింది చెయ్యి. లెచ్చుమి చప్పట్లు కొట్టింది. "అక్కా, నీ చేతి కొలతే తీసుకున్నారే!"

తన మాట వల్లేనా, ఇంకెవరైనా చెప్పారా? ఎవరినడగాలో తెలీలేదు. అడగాల్సిన పని కూడా పడలేదు, ఎందుకంటే ఆ నెలాఖరున కొత్త ఉత్తర్వు వచ్చింది. సీట్లు శుభ్రం చెయ్యడం సులువైంది గనక ఇకనుంచి పన్నెండు నిమిషాలు కాదు, తొమ్మిది.

"నిన్ను నోరు తెరవమన్నదెవరక్కా?" అంది లెచ్చుమి, గోడకున్న కాగితం చదివి. కోపం సగం, నవ్వు సగం.

జబేదాకి సంతోషించాలో, నెత్తి కొట్టుకోవాలో ఎవరైనా చెబితే బాగుండుననిపించింది. "చెయ్యి నొప్పి తగ్గింది కదే," అంది ఆఖరికి, అది జవాబో కాదో తనకే తెలీకుండా. కింద బస్సు హారన్ కొట్టింది. బకెట్ అందుకుని ఇద్దరూ పరుగెత్తారు.