యుద్ధం అయిపోయినాంక చూడాల్సింది

బొమ్మల తాత పోయాడు. నేను ధర్మవరంలో సీడీలు అద్దెకిచ్చే అంగడి నడుపుకుంటున్నవాణ్ణి. పొద్దున షట్టరు ఎత్తుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "తాత లేడు నాయనా. అవ్వ టీ తీసకపోయి లేపితే లేయలేదంట. ఆ రాజు బొమ్మ కత అట్లనే ఉండిపాయ. ఏరు రాకనే పాయ ముసలాయన" అంది. ఒక్క పాత బొమ్మను ఏటిలో సాగనంపాలని ఇన్నేళ్లు కాచుకున్న మనిషి. ఎత్తిన షట్టరు దించేసి బస్సెక్కాను.

ఆయనది మా పక్కిల్లు. తోలుబొమ్మలు ఆడించే వంశం. వాన మొహం చాటేసిన ఏడు మా పల్లెలు వాళ్లను పిలిచి ఆట పెట్టించుకునేవి. ఆట ఆడితే వాన పడుతుందని నమ్మకం. తొంభైల చివరికొచ్చేసరికి ఆ నమ్మకమూ ఎండిపోయింది. పిలిచే ఊరు లేక తాత సాయంత్రాలు మా ఇంట్లో టీవీ ముందుకు చేరాడు.

అప్పట్లో కేబుల్లో అంతరిక్ష యుద్ధం కార్టూను ఒకటి వచ్చేది. కొండలంత రోబోలు. ఒక్కోదాని గుండెలో కూర్చుని నడిపేది మా ఈడు పిల్లలే. మాటలన్నీ హిందీ, మాకు ముక్క అర్థమైతే ఒట్టు. తాత వాళ్లింట్లో మరాఠీ మాట్లాడుకుంటారు కాబట్టి ఆయనకు హిందీ కాస్త అందేది. అందింది చెప్పేవాడు, అందనిది కల్పించేవాడు. అదీ ఊరికే కాదు, గొంతు మార్చి, రాగం తీసి, కాలితో నేలను తన్నుతూ! "ఏం పెద్దాయనా, గోడలు పడగొడతావా ఏమి?" అని మా నాయన నవ్వేవాడు.

ఒక్కటి మాత్రం మాకు నచ్చేది కాదు. శత్రువు రోబో పేలగానే మేం చప్పట్లు కొట్టేవాళ్లం. తాత టక్కున ఆగిపోయేవాడు.

"ఉండండ్రా. లోపల ఎవురో ఉండారు."

"పేలింది వాళ్లది గదా తాతా!"

"వాళ్లదైతే? వానికి అమ్మ లేదా?"

ఇక ఆ పూటకు కథ ఆపి లేచిపోయేవాడు. ఆయన కొడుకు ఆటల్లేక బోర్లు వేసే లారీలో పనికి పోయాడు. ఆ లారీ బోల్తా పడి చనిపోయాడు. అది మాకూ తెలుసు. కానీ ఈ మాటకూ ఆ చావుకూ ముడి వేసుకునేంత బుద్ధి ఆ వయసులో ఎక్కడిది!

రోబోల కథ ఒకనాడు అయిపోయింది. నాకు అన్నం సయించలేదు. "ఇంగేం సూడాల తాతా?" అని ఏడుపు మొహం వేసుకుని పోయాను.

"యుద్ధం సూసినావు గదా. అది అయిపోయినాంక ఏమయితాదో సూడు, రా" అన్నాడు.

బుట్టలోంచి రాజు బొమ్మను తీశాడు. నాకంటే ఎత్తు. మేకతోలు పాతబడి, ఒక చెయ్యి భుజం దగ్గర చినిగి వేలాడుతోంది. దాన్ని ఆడించాలంటే ఇద్దరు కావాలి. ఒళ్లు తాత పట్టేవాడు, చేతులు కొడుకు ఆడించేవాడు. ఆ సాయంత్రం తాత రాజును నేల మీద పడుకోబెట్టి, తల్లి బొమ్మను చేత పట్టుకున్నాడు. తెర లేదు, మద్దెల లేదు. యుద్ధం ముగిసిన బయల్లో తల్లి కొడుకును వెతుక్కుంటోంది. ఒక్కొక్క శవం దగ్గర వంగి "నువ్వేనా నాయనా?" అని అడుగుతుంది. కాదని తెలిసినా ఆ ముఖం తుడిచి ముందుకు పోతుంది. చివరికి రాజు దగ్గరికి వచ్చి వంగింది. తాత ఆ చినిగిన చెయ్యిని భుజం దగ్గరికి చేర్చి పట్టుకున్నాడు. పొయ్యి దగ్గరున్న అవ్వ లేచి బయటికి వెళ్లిపోయింది. నేను భయపడి ఇంటికి పరిగెత్తాను.

ఇప్పుడు నా అంగడిలో రోబోల సీడీ చూసి తెచ్చిచ్చినవాళ్లు "అన్నా, దీని తర్వాత ఏది సూడాల?" అని అడుగుతారు. ఇంకా పెద్ద రోబో ఉన్నది ఇవ్వను. ఊరు కాలిపోయాక మిగిలినవాళ్ల కథ ఏదైనా ఇస్తాను. "ఏందన్నా, ఏడుపుగొట్టుది అంటగట్టినావు" అని తిట్టిపోసేవాళ్లే ఎక్కువ. తిట్టనీ. కొందరు చప్పుడు లేకుండా వచ్చి అలాంటిదే ఇంకోటి అడుగుతారు. అప్పుడు తాత గుర్తొచ్చి కడుపు నిండినట్టుంటుంది.

తాత వాళ్ల వంశంలో ఒక పద్ధతి ఉంది. ముసలిదైన బొమ్మను పారేయరు, అమ్మరు. మనిషి పోతే చేసినట్టే చేసి పారే నీళ్లలో విడుస్తారు. కొడుకు చేతులు ఆడిన ఆ బొమ్మ తన తర్వాత ఎవరి గోడకో వేలాడుతుందేమోనని తాతకు దిగులు. కానీ మా ఏరు చిత్రావతి పారితే కదా! మబ్బు పట్టినప్పుడల్లా ఏటిదాకా నడిచిపోయి, ఇసుకలో నిలబడి, తిరిగొచ్చేవాడు. "బావిలో విడిస్తే పోలా?" అన్నానొకసారి. "నిలిచిన నీళ్లల్లో యాడికి పోతాడ్రా వాడు?" అన్నాడు. ఏరు ఎందుకు రాదంటే, "దానికేం కష్టముందో పాపం" అనేవాడు.

ఏటి ఒడ్డునే తాతను దహనం చేశాం. మర్నాడు అవ్వ రాజు బొమ్మను తెచ్చి ఎండిన ఏటి నడుమ పడుకోబెట్టింది. అప్పుడే ఊళ్లోకి నీళ్ల ట్యాంకరు వచ్చింది. అమ్మ తను పట్టుకున్న బిందెలోంచి ఒక చెంబు తెచ్చి బొమ్మ తల దగ్గర పోసింది. ఆమెను చూసి వీధి వీధంతా చెంబులతో వచ్చింది. అన్నీ తాగే నీళ్లే. బొమ్మ నడుము దాకా కూడా పారలేదు, ఇసుక తాగేసింది. తడిసినంత మేర మాత్రం ఎరుపూ పచ్చా రంగులు పైకి తేలాయి. రాజు కన్ను మెరిసింది.

"ఇంగ సాలమ్మా, పిల్లోళ్లకు పెట్టుకోండి. ఏరు వచ్చిన పొద్దే పోతాడులే" అని అవ్వ బొమ్మ మీద ఇసుక కప్పింది.

అంతలో ఎవరో కాపరి మేకల మందను ఏటికి అడ్డంగా తోలుకొస్తున్నాడు. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"పక్కన తోలుకో నాయనా. లోపల ఎవురో ఉండారు."

అతను కర్ర ఊపి మందను మళ్లించాడు. మేకలు ఆ ఇసుక గుట్టను చుట్టి అవతలి ఒడ్డెక్కాయి.