ఊదాగా తిరిగిన గిన్నె

అనంతపురంలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు, హాస్టల్లో నాకున్న ఒక్క స్నేహితురాలే ల్యాబులోనూ నా పక్కన నిలబడేది. ఆ వారం కోబాల్టు లవణాన్ని ఆకుపచ్చ స్ఫటికాలుగా తయారు చేయాలి. నా పింగాణీ గిన్నెలో చక్కటి ఆకుపచ్చ వచ్చింది. ఆమ్లం వాసన పోవడానికి దాన్ని నీళ్లు మరిగే ఆవిరి తొట్టి మీదే ఉంచి అన్నానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి గిన్నెలో ఊదారంగు పొడి ఉంది.

గిన్నె నాదే. అంచున నేను గీసిన నంబరూ నాదే. కిటికీలు మూసే ఉన్నాయి. అటెండరును అడిగితే, "ఎవరూ రాల్యా తల్లీ" అన్నాడు.

మరునాడు మళ్లీ చేశాను. మళ్లీ ఊదా. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే నాకు వెన్నులో చలి పుట్టింది.

నా భయం కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఆ మధ్యాహ్నం ల్యాబు వరండాలో కూర్చుని డబ్బాలో అన్నం తిన్నది నా స్నేహితురాలు ఒక్కతే. అందరి ముందూ అడిగేశాను: "నాది తీసేసి ఏం పెట్టినావే దీంట్లో?"

"నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అని, తన సామాను తీసుకుని బెంచీ చివరికి జరిగింది.

మూడో రోజు అన్నం మానేసి త్రాసు గది తలుపు సందులోంచి కాపలా కాశాను. ల్యాబంతా ఖాళీ. తొట్టి గుడగుడమంటోంది. కాసేపటికి అటెండరు చెంబుతో వచ్చి తొట్టిలో నీళ్లు పోశాడు, అది ఆయన పనే. వెళ్లబోతూ నా గిన్నెలోకి తొంగిచూసి, దానికీ కాసిన్ని వంచాడు, పసిబిడ్డకు పట్టినట్టు. ఆయన వెళ్లిపోయాడు. ఆకుపచ్చ కరిగింది. నీళ్లు ఇగిరేకొద్దీ అంచుల నుంచి ఊదా కమ్ముకొచ్చింది. దగ్గర ఎవరూ లేరు.

"ఎండిపోతాంటే సూస్తా ఎట్ల ఊరుకునేదమ్మా?" అన్నాడు, అడిగితే. రాప్తాడు దగ్గర ఆయన శెనక్కాయ చేను ఆ ఏడు కాయ పట్టకముందే ఎండింది. తిట్టడానికి నాకు నోరు రాలేదు.

జరిగింది చెబితే మా సార్ నవ్వారు. "అదే కోబాల్టు, అవే రెండు క్లోరిన్లు. ఎదురెదురుగా ఉంటే ఆకుపచ్చ. నీళ్లలో కాగితే పక్కపక్కకు చేరతాయి, ఊదా అవుతుంది. ఏదీ పోలేదమ్మా, కొత్తగా ఏదీ రాలేదు." ఏదీ పోకుండానే అంతా మారిపోవచ్చన్న ఆ మాట నన్ను దొంగకంటే ఎక్కువ భయపెట్టింది.

స్నేహితురాలి చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "పోనీలే" అంది. మళ్లీ నా పక్కకొచ్చి నిలబడింది. అదే నవ్వు, అదే కొబ్బరినూనె వాసన. నాకు ప్రాణం లేచొచ్చింది.

పరీక్ష రోజు నా మోచెయ్యి తగిలి గిన్నె బెంచీ అంచుకు జారింది, ఆమెకు జానెడు దూరంలోకి. ఆమె చెయ్యి లేచింది. ఆగింది. వెనక్కి వెళ్లింది. గిన్నె నేల మీద పడి పగిలింది.

"నీది కదా," అంది మామూలుగా. "ముట్టుకుంటే మళ్లీ ఏమంటావో అని."