లేని మొక్కు, తొమ్మిది కొబ్బరికాయలు

శ్రీశైలం దాకా సైకిల్ మీద వెళ్లి రావడానికి ఎనిమిది రోజుల సెలవు కావాలని రాసిన ఉత్తరాన్ని నేను నాలుగుసార్లు తిరగరాశాను. సూర్యాపేటలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో నా ఉద్యోగం. రోజూ కోదాడ నుంచి బస్సులో వెళ్లి, బస్సులోనే తిరిగొస్తాను. కిటికీ పక్క సీటు దొరికితే నవల తెరుస్తాను, దొరక్కపోయినా తెరుస్తాను. పక్కవాళ్లు పలకరిస్తారేమోనని తల మాత్రం ఎత్తను. ఉత్తరంలో ‘వ్యక్తిగత కారణాలు’ అని రాస్తే గూఢార్థం వెతుకుతారేమో, ‘సరదా’ అని రాస్తే నవ్వుతారేమో అని తర్జనభర్జన పడి, చివరికి ఉన్నదున్నట్టు ‘సైకిల్ మీద శ్రీశైలం వెళ్లుటకు’ అని రాశాను.

ప్రిన్సిపాల్ గారు చదివి, కళ్లద్దాలు తీసి నా వైపు చూశారు.

“ఒక్కదానివేనా అమ్మా?”

“అవును సార్.”

“ఘాట్ రోడ్డు కూడా సైకిల్ మీదనే?”

“అవును సార్.”

“అంత పెద్ద మొక్కా! ఏం మొక్కు...” అనబోయి ఆయన నాలుక కరుచుకున్నారు. “వద్దు వద్దు, చెప్పకు. తీరేదాకా చెప్పొద్దు.” సంతకం పెట్టేశారు.

అక్కడే నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. మా వైపు మొక్కు తీర్చేదాకా అదేమిటో బయటికి చెప్పరు. చెబితే ఫలం పోతుందని ఎదుటివాళ్లు కూడా అడగరు. నలుగురితో మాట్లాడాలంటే అరచేతులు చెమర్చే నాలాంటిదాని కోసమే ఎవరో పూర్వీకులు కూర్చుని ఈ ఆచారం పెట్టారనిపించింది.

నాకు ఏ మొక్కూ లేదు. నాకున్నదల్లా ఒక బాధ. కుట్టుమిషన్ నేర్చుకోవడం మూడు జాకెట్ల దగ్గర ఆపేశాను. పోటీ పరీక్షల కోచింగ్ రెండో నెలలో మానేశాను. బీఈడీలో చేరి ఒక సెమిస్టర్ చదివి వదిలేశాను. ఒక్కసారి కూడా ఇంట్లో ఎవరూ కోప్పడలేదు. అమ్మ “పోనీలే బిడ్డా” అనేది, అన్న మాట మార్చేవాడు. నేను సెకండ్ హ్యాండ్‌లో గేర్ల సైకిల్ కొన్నప్పుడు కూడా అన్న ఏమీ అనలేదు. దాన్ని మేడ మీద పెడితే బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తుందని మాత్రం అమ్మతో అన్నాడట. అందుకని డైరీలో ఒక నియమం రాసుకున్నాను. ఇంటి గేటు నుంచి ఇంటి గేటు దాకా. తొక్కలేకపోతే దిగి నెట్టుకుంటూ నడవొచ్చు. ఏ బండీ ఎక్కకూడదు. ఈ ఒక్కటైనా పూర్తి చేయాలి.

అమ్మ అప్పటికి రెండు వారాలుగా ఒప్పుకోవడం లేదు. “ఒక్కదానివే అడవిల పోతవా? పులి ఎదురైతే ఏం జేస్తవ్? పులి లేకపోతే మనుషులు లేరా?” అంటోంది. ప్రిన్సిపాల్ గారు ఏమన్నారో చెప్పాను. చెప్పింది ఆయన మాటే, నాది కాదు. అమ్మ చేతిలో చీపురు అక్కడే ఆగిపోయింది.

“మొక్కని ముందే జెప్తే అయిపోవు గదనే! నేనెందుకు అడ్డం పడుదు?”

ఆ సాయంత్రానికల్లా మా గల్లీ అంతటికీ తెలిసింది. చీకటి పడకముందే మొదటి కొబ్బరికాయ వచ్చింది. ఎదురింటి పెద్దమ్మ తెచ్చింది. కాయ మీద తన పేరు మార్కరుతో రాసి ఉంది.

“నాకు మోకాళ్లు లేవు బిడ్డా, నేనెట్లాగూ పోలేను. నువ్వు కష్టపడి పోతున్నవ్. నీ చేత్తో కొట్టిస్తే నాక్కూడ సగం పుణ్యం వస్తది. గోత్రం రాసుకో.”

డైరీలో రాసుకున్నాను. పదేళ్లుగా నా మనోభావాలు మోస్తున్న ఆ డైరీకి తొలిసారి ఒక ఉపయోగం దొరికింది. మర్నాటికి కాయలు అయిదయ్యాయి. వద్దనాలంటే మాట్లాడాలి, మాట్లాడితే మొక్కు లేదని చెప్పాలి. అందుకని తీసుకోవడమే సులువైంది.

తెల్లవారి మా ఇంటి గేటు దాటాను. మొదటిరోజు హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ, మా మేనత్త ఇంటికి. అక్కడ ఇంకో నాలుగు కాయలు నా కోసం వరుసగా కూర్చుని ఉన్నాయి. అత్తమ్మ పక్కింట్లో నర్సుగా పనిచేసే అక్క ఉంటుంది. వాళ్లు ఆదివారం చర్చికి పోయేవాళ్లు. ఆమె కాయ ఇవ్వలేదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పది చేతిలో పెట్టి, “మీ దేవుని సంగతి నాకు తెల్వదు గాని, నీళ్లు మాత్రం గంటకోసారి తాగు” అంది. దారిలో నిజంగా పనిచేసిన వస్తువులు అవే.

మొక్కు అనే మాట కూడా బాగానే పనిచేసింది. మాచర్ల లాడ్జిలో ఒంటరి ఆడపిల్లనని ఒకసారి ఎగాదిగా చూసిన మేనేజరు, సంచుల్లో కాయలు చూసి మొక్కని తనే అనుకుని కుటుంబాలు దిగిన వరసలో గది ఇచ్చాడు. దోర్నాల దగ్గర అడవి చెక్‌పోస్టులో ఆపినవాళ్లు గేటు ఎత్తి, “జాగ్రత్త తల్లీ, కోతులుంటాయి” అన్నారు. నేను ప్రతిచోటా తల వంచుకుని నిలబడ్డాను. సిగ్గును భక్తి అనుకున్నారు. నేను దిద్దలేదు.

ఘాట్ రోడ్డు మొదలైన గంటలోనే నవలల్లో కొండలు ఎక్కిన వాళ్లందరి మీదా నాకు అనుమానం వచ్చింది. వాళ్లకు ఎత్తు మీద గొప్ప ఆలోచనలు వస్తాయి. నాకు వచ్చినవి రెండే. ఇంతకంటే చిన్న గేరు ఎందుకు పెట్టలేదు, పెద్దమ్మ కాయ ఇంత పెద్దది ఎందుకు ఎంచింది. మలుపు తిరిగితే ఇంకో మలుపు. పైనుంచి దిగే బస్సుల బ్రేకుల కాలిన వాసన, వెదురు పొదల్లో కోతుల చప్పుడు. క్యారియర్‌కు రెండు వైపులా సంచుల్లో తొమ్మిది కాయలు, ప్రతి గుంతకీ ఒకదాన్నొకటి కొట్టుకుంటూ నన్ను వెనక్కి లాగుతున్నాయి. ఒకటి లోయలోకి జారవిడిస్తే ఎవరికి తెలుస్తుంది? తీసి చూశాను. దాని మీద పేరుంది. మళ్లీ సంచిలో పెట్టాను.

ఒక మలుపులో కాళ్లు ఇక తిరగనన్నాయి. దిగి నెట్టడం మొదలుపెట్టాను. నెట్టడం తొక్కడం కంటే కష్టమని అప్పుడే తెలిసింది. వెనక నుంచి వచ్చిన వ్యాను ఆగింది. నిండా యాత్రికులు.

“ఎక్కు తల్లీ, పైన దింపుతాం. సైకిల్ టాపు మీద కడదాం” అన్నాడు డ్రైవరు.

“వద్దండీ. మొక్కు...” అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అనడం అదే మొదటిసారి.

ముందు సీట్లోంచి ఒక ముసలాయన దిగి, నేను వెనక్కి జరిగేలోపే నా పాదాలను తాకి కళ్లకద్దుకున్నాడు. వ్యాను వెళ్లిపోయాక చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆయాసం వల్లేనని డైరీలో రాశాను. కాదు.

మధ్యాహ్నం దాటాక పైకి చేరాను. మూడుచోట్ల దిగి నెట్టాను, ఏ బండీ ఎక్కలేదు. కొబ్బరికాయలు కొట్టేచోట డైరీ తెరిచి ఒక్కో పేరూ గోత్రమూ చదువుతూ కాయలు అందించాను. కొట్టే ఆయన చేయి నా నోటికంటే వేగంగా ఉంది. పేర్లు చీలిపోయి, నా ముందు పద్దెనిమిది చిప్పలు పడ్డాయి. ఏ చిప్ప ఎవరిదో స్వామికి తప్ప ఎవరికీ తెలియదు. తలా ఒక చిప్ప ఇవ్వాలి కాబట్టి తొమ్మిది ఉంచుకుని, మిగతావి అక్కడే పంచేశాను.

తిరుగు ప్రయాణంలో నాకు తట్టని విషయం ఒకటి దారిలో అందరికీ తట్టింది. మొక్కు కొండ మీదే తీరిపోయింది. ఇక తిరిగి రావడం ఎలా వచ్చినా ఒకటే. దిగేటప్పుడు ప్రతి ట్రాక్టరూ, ప్రతి ఆటో ఆగింది. “అయిపోయిందిగా, ఇంకెందుకమ్మా కష్టం?” అన్నారు. పోయేటప్పుడు కాపాడిన మాట వచ్చేటప్పుడు నా మీదే తిరగబడింది. నవ్వి తల అడ్డంగా ఊపుతూ దాచేపల్లి దాటాను, కృష్ణ దాటాను, దామరచర్ల దగ్గర థర్మల్ చిమ్నీలు చూసుకుంటూ ఏడోరోజు సాయంత్రానికి మిర్యాలగూడ చేరాను. ఇక మిగిలింది ఒక్క రోజు దారి. అంతా చదును.

మర్నాడు పొద్దున స్నానం చేసి బయటికొచ్చేసరికి వాకిట్లో నా సైకిల్ లేదు. ట్రాలీ ఆటో ఉంది. దాని వెనక నా సైకిల్ పాత పరుపు మీద పడుకుని ఉంది. చక్రాలకూ హ్యాండిల్‌కూ తాళ్లు. అన్న ముడి బిగిస్తున్నాడు. అత్తమ్మ దగ్గర ప్రసాదం చిప్పలు తీసుకున్న ఆ గల్లీ ఆడవాళ్లు చుట్టూ నిలబడి సలహాలు ఇస్తున్నారు. నర్సక్క డ్యూటీకి బయల్దేరుతూ ఆగింది.

“తెల్లారక ముందే బయల్దేరి వచ్చిన” అన్నాడు అన్న గర్వంగా. “దోస్తుగాని బండి. నువ్వు ముందట కూసో.”

“టిఫిన్ తిని ఎక్కు బిడ్డా. మొఖం సూడు ఎట్ల నల్లగైందో” అంది అత్తమ్మ.

అందరూ నన్ను ప్రేమగా చూస్తున్నారు. ‘పోనీలే’ అనే చూపు అది, నాకు బాగా తెలుసు. ఆ పరుపు చాలా మెత్తగా కనిపించింది. నా కాళ్లు కూడా అన్న పక్షానే ఉన్నాయి.

“అన్నా, దించు.”

“ఏంది?”

“సైకిల్ దించు. తొక్కుకుంటనే వస్త.”

“మొక్కు ఖతమైంది గదనే పిచ్చిదానా! స్వామి సూసిండు, సరే. ఇగ కోదాడ రోడ్డు మీద ఎవరు సూస్తరు?”

“మొక్కు లేదు.”

తాడు పట్టుకున్న అన్న చేయి ఆగింది. “లేదంటే?”

“నేనేం మొక్కుకోలే. ఊకెనే పోయిన. పోవాలనిపించింది, పోయిన. మొక్కని వాళ్లు వీళ్లు అనుకున్నరు, నేను కాదనలే.” ఇంతమంది ముందు ఇన్ని మాటలు నేను ఎప్పుడూ అనలేదు. గొంతు ఎక్కడో కీచుమంది. “ఇంటి దాకా నేనే తొక్కాలె. ఇది సుత సగంల ఆపితే నాకు ఇంకేదీ చేతగాదు.”

కాయ ఇచ్చిన ఒకామె తన చేతిలోని చిప్పను అటూ ఇటూ తిప్పి చూసింది.

“అయితే మా కాయ కొట్టించలేదా?”

“కొట్టించిన చిన్నమ్మా. మీ పేరు, గోత్రం చదివే కొట్టించిన.”

“ఇంకేంది మరి! నీ మొక్కు ఉంటే నాకేంది, లేకుంటే నాకేంది” అని ఆమె చిప్పను కొంగులో కట్టుకుని వెళ్లిపోయింది. నర్సక్క పకపకా నవ్వింది.

అన్న మాత్రం నవ్వలేదు. “అమ్మ ఎనిమిది రోజుల సంది ఒక్కపూటే తింటుంది, తెల్సా? నీ మొక్కు మంచిగ తీరాలని. బీపీ గోలి సుత ఆ ఒక్కపూటనే.”

నాకు తెలియదు. రోజూ ఫోన్లో “తిన్నవా?” అని అమ్మే అడిగేది. నేను ఒక్కరోజైనా తిరిగి అడగలేదు. వ్యాను దిగిన ముసలాయన దగ్గర కూడా నాకు ఇంత సిగ్గనిపించలేదు.

అక్కడే ఫోన్ చేశాను. అదే మాట అమ్మకూ చెప్పాను. అవతల కుక్కర్ కూత వినిపించింది, తర్వాత ఫోన్ పెట్టేసిన చప్పుడు.

అన్న ముళ్లు విప్పి సైకిల్ దించాడు. ఖాళీ పరుపుతో ట్రాలీ నా వెనకాలే వచ్చింది. నేను గంటకు పదీ పన్నెండు కిలోమీటర్ల మీద పోతుంటే వెనక బండి మొదటి గేరులో మూలుగుతోంది. లారీలు హారన్ కొట్టి దాటిపోతున్నాయి. హుజూర్‌నగర్‌లో చాయ్ దగ్గర ఆగినప్పుడు అన్న తొలిసారి నోరు విప్పాడు.

“కొండ మొత్తం తొక్కినవా?”

“మూడుచోట్ల దిగి నెట్టిన.”

“మూడేనా?” అన్నాడు. అతని ముఖంలో కోపం కదలలేదు గానీ నా చాయ్ కప్పు కూడా తనే తీసుకుపోయి పెట్టాడు.

ఆ మిగతా దారి నాకు ఘాట్ కంటే ఎత్తుగా అనిపించింది. ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా అమ్మ ఏమంటుందో ఒకరకంగా ఊహించుకున్నాను. నేను చదివిన నవలల్లో తల్లులు ఏడుస్తారు, లేకపోతే క్షమిస్తారు.

సాయంత్రం నాలుగింటికి మా గేటు ముందు బ్రేకు వేశాను. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఏడవలేదు, క్షమించనూ లేదు. నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది.

“మొత్తం తొక్కినవా?”

“తొక్కిన అమ్మా.”

“కాళ్లు కడుక్కో పో.”

కడుక్కుని వచ్చేసరికి చాప మీద రెండు పళ్లాలు ఉన్నాయి. పప్పు, దొండకాయ వేపుడు, మజ్జిగ. అమ్మ నా ఎదురుగా కూర్చుంది.

“పొద్దున తినలేదా?” అన్నాను.

“తిన్న. మొక్కే లేనప్పుడు ఇంక ఒక్కపూట ఏంది?” అని అన్నం కలుపుకుంది. కొంచెంసేపు తిన్నాక తలెత్తకుండానే అంది. “ఇంకోసారి ఎటన్న పోవాలనిపిస్తే, పోవాలనుంది అని జెప్పు. వద్దని తిడుత. తిట్లు పడి పో. నన్ను మాత్రం పస్తు పెట్టకు.”

సరేనన్నాను. ఆ పూట అమ్మ నాకంటే ఎక్కువ తింది.