చిన్న భట్టీ దగ్గర బామ్మర్ది

మా ఆవిడ తమ్ముణ్ణి బేకరీలో పనికి పెట్టించింది నేనే. అత్తవారింట్లో నా మాట చెల్లుతుందని నలుగురికీ తెలియాలన్నది నా ఉద్దేశం. నిజానికి అక్కడ నేనే కొత్త. అంతకుముందు మందుల దుకాణంలో పొట్లాలు కట్టేవాణ్ణి. పిండి పిసకడమంటే ఏమిటో తెలియదు.

చార్మినార్ వెనక గల్లీలో ఉండేది ఆ బేకరీ. పెద్ద భట్టీలో రొట్టెలు, గుడ్డు వేసిన కేకులు కాలేవి. చుట్టుపక్కల బట్టల సావుకార్లు గుడ్డు సోకిన సరుకు ముట్టరని బేకరీ యజమాని సేఠ్ పెరటివైపు చిన్న భట్టీ కట్టించాడు. దానికోసమే మమ్మల్నిద్దర్నీ పెట్టుకున్నాడు. గుడ్డు ఆ గడప దాటి లోపలికి రాకూడదు, అటు ట్రేలు ఇటు కలవకూడదు.

కొన్నాళ్లకే వాడి చెయ్యి వేరని తేలిపోయింది. నేను కొలిచి కలిపినా పిండి బిగుసుకుపోయేది. వాడు కబుర్లు చెబుతూ కలిపినా బిస్కెట్ గుల్లగా వచ్చేది. పెద్ద భట్టీ ఉస్తాద్ వచ్చి వాడి ట్రేలోంచి ఒకటి తీసుకుని నోట్లో వేసుకుని వెళ్లేవాడు. నా ట్రే వంక చూసేవాడు కాదు. బాగాలేదని తిట్టినా ఊరట పడేవాణ్ణి.

ఒకనాడు మా ఆవిడ, "మా తమ్మునికి సేఠ్ చాయ్ తాపిచ్చిండంట, నీకు గూడ తాపిచ్చిండా?" అని అడిగింది. నవ్వులాటకే అంది. నేను సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాను.

అప్పుడు వచ్చింది ఆ బట్టల సావుకార్లలో ఒకాయన తల్లి సంగతి. కాశీకి పోయినవాళ్లు ఇష్టమైనది ఒకటి వదిలి రావాలంటారు. చాలామంది తమకు ఎటూ పడని కూరగాయ ఏదో వదిలేసి వస్తారు. ఆమె పాలు వదిలేసింది. పాలతో పాటు పెరుగు, నెయ్యి, వెన్న, అన్నీ. పాలు లేని చాయ్‌లోకి నంజుకోవడానికి ఏదైనా చేసి పంపమని కొడుకు సేఠ్‌ను అడిగాడు. ఆమెకు నచ్చితే దుకాణానికీ, పెళ్లిళ్లకీ సరుకు మా దగ్గరే తీసుకుంటాడట.

సేఠ్ నన్ను పిలిచాడు. "బుడ్డీ అమ్మా దూద్ కీ కోయీ చీజ్ నై ఖాతీ. తేరే సాలే కూ భీ బోల్ దే," అన్నాడు. పాలతో చేసిందేదీ ఆమె తినదని బామ్మర్దికీ చెప్పమని. ఇద్దరమూ చెరొక డబ్బా చేయాలి. ఎవరిది ఆమెకు నచ్చితే చిన్న భట్టీ వాళ్లది. రెండోవాడు సైకిల్ మీద సప్లై.

బామ్మర్ది అప్పుడు నల్లా దగ్గర ట్రేలు తోముతున్నాడు. నాలుగడుగులు వేస్తే చెప్పేయవచ్చు. పోటీ సంగతి ఆ పూటే చెప్పాను, పాల మాట మాత్రం రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడూ అలాగే అనుకున్నాను.

పాలూ వెన్నా లేకుండా బిస్కెట్ చేయడం వాణ్ణి ఓడించడానికే మొదలుపెట్టాను. నూనె ఒక్కటే పోస్తే రాయిలా వచ్చింది. కొబ్బరిపాలు పోస్తే మెత్తబడి సాగింది. చివరికి నువ్వులు దోరగా వేయించి, నూరి, నీళ్లు పోసి పాలు పిండాను. అందులో బెల్లం పొడి, కాస్త రవ్వ, చారెడు నూనె. భట్టీ తలుపు తీయగానే కమ్మని వాసన మొహానికి కొట్టింది. ఒకటి విరిచి తిన్నాను. వెన్న అడ్డం లేకపోతే నువ్వులు నువ్వుల్లాగే ఉంటాయి, బెల్లం బెల్లంలాగే ఉంటుంది. ఆ కాసేపు బామ్మర్ది గుర్తుకు రాలేదు. అంతవరకూ ఏ పనీ నన్ను అలా పట్టుకోలేదు. ఆ భట్టీ వదిలి సైకిల్ ఎక్కడం నావల్ల కాదనిపించింది.

"ఏంది బావా, బిస్కెట్లల్ల నువ్వులేంది? బతుకమ్మకు సత్తుపిండి చేస్తున్నవా?" అన్నాడు వాడు.

"నాకు తోచింది నేను చేస్తున్న. నీది నువ్వు చేసుకో."

"గట్లనే. నేనైతే మస్కా జర ఎక్కువనే ఏస్త. ముసలామె నాలిక మీద కరగాలె."

వెన్న మాట వాడే ఎత్తాడు, చెప్పడానికి అంతకంటే మంచి అదను లేదు. తల వంచుకుని నువ్వులు నూరుతూ కూర్చున్నాను.

ఆమె వెన్న వాసన పసిగట్టి పక్కన పెట్టేస్తుందని నా లెక్క. వాడికి మాట వస్తుంది, నాకు భట్టీ వస్తుంది. కాని పాలు తగలని సరుకే పంపుతానని సేఠ్ మాట ఇచ్చాడు కనుక ఆమె అనుమానించలేదు. రెండు డబ్బాలూ రుచి చూసి వాడిదే కావాలంది.

భట్టీ వాడికి పోయింది. నిజం చెబుదామంటే, నీకు చెప్పమన్నాను కదా అని సేఠ్ ముందు నన్నే నిలదీస్తాడు. నోరు మూసుకుని, వాడి వెన్న బిస్కెట్లను నేనే క్యారియర్‌కు కట్టుకుని మలక్‌పేటలో ఆమె ఇంటికి చేరవేస్తూ వచ్చాను.

ఒక వారం నేను డబ్బా ఇవ్వగానే ఆమె అక్కడే మూత తీసి ఒకటి కొరికింది.

"పాలు ఇడిసినంక వెన్న మస్తు యాదికొస్తుండె బిడ్డా. ఇడిసినదాన్ని యాది చేసుకునుడు గూడ తప్పే. గని గీ పిలగాడు వెన్న లేకుంట గా వాసన ఎట్ల తెచ్చిండో ఏమో. నీ బామ్మర్దేనట గద."

"అది వెన్ననే అమ్మా," అన్నాను.

ఆమె నమలడం ఆపింది. లేచి వెళ్లి నోరు పుక్కిలించుకుని వచ్చింది.

"గా పిలగానికి ఎరుకేనా, నేను తిననని?"

"ఎరుక లేదు. చెప్పుమని సేఠ్ నాకు చెప్పిండు. నేనే చెప్పలే."

"ఎందుకు చెప్పలే?"

"వాని చెయ్యి మంచిదమ్మా."

ఆమె నన్ను తిట్టలేదు. "నేను తెల్వక తిన్న. ఒక్కపొద్దుంటే నా పాపం పోతది. నీది ఎట్ల పోతదో నాకెరుక లేదు," అంది. డబ్బాకు మూత పెట్టేసి, "మొదలు నువ్వులయి వచ్చినయ్ గద, అయ్యెవలు చేసిండ్రు?" అని అడిగింది.

"నేనే."

"ఇగ అయ్యే తే."

దారి పొడుగునా ఆ మాటే చెవుల్లో తిరిగింది. అమ్మకు నువ్వులవే కావాలట అని సేఠ్‌తో అంటే చాలు, భట్టీ నాది. మిగిలింది ఎవరికీ చెప్పక్కర్లేదు. అలాగే చేద్దామని బేకరీ గుమ్మం దాకా అనుకుంటూనే ఉన్నాను. లోపల వాడు పిండి చేతులతో, "ఏమన్నది బావా ముసలామె?" అన్నాడు. వాడికి అంతా చెప్పేశాను.

వాడు చేతులు కడుక్కున్నాడు. తుడుచుకోలేదు. "ముందుగాల చెప్తే నేను గూడ నువ్వులే నూరుతుంటి గద," అన్నాడు. తర్వాత, "అక్కకు చెప్పకు. చెప్తే నీకు బువ్వ పెట్టది."

సేఠ్‌కు కూడా నేనే చెప్పాను. తిట్టాడు. భట్టీ వాడి దగ్గరే ఉంచి నన్ను సైకిల్ మీదే ఉండమన్నాడు.

బామ్మర్ది చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ముసలామె డబ్బాకు నువ్వులు నేనే నూరి, నేనే కాల్చి పట్టుకెళ్లేవాణ్ణి. ఒక ఉదయం వాడే రోలు దగ్గరికి వచ్చి కూర్చుని, "చూపియ్యి," అన్నాడు.

నువ్వులు ఎంత వేగాలో, పాలు ఎంత చిక్కగా ఉండాలో, బెల్లం ఎప్పుడు వేయాలో, ఏదీ దాచకుండా చూపించాను. దాచాలని రెండుసార్లు అనిపించింది. వాడు కలిపాడు, కాల్చాడు. ఒకటి నా చేతిలో పెట్టి మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

తాకితేనే విరిగింది. నేను ఎన్నిసార్లు చేసినా రాని గుల్లతనం వాడికి మొదటి ట్రేలోనే వచ్చింది. బాగాలేదని అనేద్దామనిపించింది. నమలగలిగినంతసేపూ నమిలాను.

"నా వాటికంటె మంచిగున్నయ్," అన్నాను.

"ఎవలు చేసిండ్రని ముసలామె అడిగితే?"

"నువ్వే అని చెప్త," అని డబ్బాలో సర్దుకున్నాను.