తెల్లటి మీద తెల్లగా నూట ఎనిమిది బందర్లు

మార్చి నెలలో ఒక మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఎనిమిది నిమిషాలకు, మా కాలేజీ కంప్యూటర్ ల్యాబులో నేను అందరూ ఆదర్శంగా చూపించే విద్యార్థినిని. పదకొండు గంటల పదిహేడు నిమిషాలకు అదే ల్యాబులో ముఖం దాచుకోవడానికి చోటు వెతుక్కుంటున్న ప్రాణిని. మధ్యలో గడిచినవి తొమ్మిది నిమిషాలు. మానిటరుకూ పరీక్షకు వచ్చిన పెద్దాయన కళ్ళజోడుకూ మధ్య దూరం రెండడుగులు. నాకూ గుమ్మానికీ మధ్య దూరం ఇరవై రెండడుగులు. ఇది మాత్రం తరువాత టేపు పెట్టి కొలిచి రాసుకున్నాను. ఆ తొమ్మిది నిమిషాల్లో ఒక ఊరి పరువు, ఒక ప్రిన్సిపాల్ గారి హోదా, నాకు రావలసిన ఉద్యోగం ఒకదాని వెనుక ఒకటి ఎలా కూలాయో వరసగా చెబుతాను. మధ్యలో నవ్వకండి. ఎక్కడ నవ్వాలో నేనే చెబుతాను.

అది 2002. మచిలీపట్నంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతూ, వెబ్‌సైట్ల తయారీలో మొదటి పాఠాలు నేర్పే నాలుగు నెలల కోర్సులో చేరాను. ల్యాబులో పదకొండు కంప్యూటర్లుండేవి. ఇంటర్నెట్ ఉన్నది ఒక్కదానికే. ఆ ఒక్కదానికీ ఎర్ర అంచు తువ్వాలు కప్పి ఉంచేవారు. దాని ముందుకు చెప్పులు విడిచి వెళ్ళాలి. పాఠం చెప్పే శ్రీహరి సారు మొదటి రోజునే ప్రకటించారు: ప్రతి ఒక్కరూ తమ ఊరి మీద ఒక వెబ్‌పేజీ తయారు చేయాలి, దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాలి, ఎక్కువ మంది చూసేలా చేయాలి. మొదటి స్థానం వచ్చినవారిని వచ్చే ఏడాది అదే ల్యాబులో డిమాన్‌స్ట్రేటరుగా తీసుకుంటారు.

ఆ ఉద్యోగం నాకు కావాలి. కావాలి అనేది చిన్న మాట. గిలకలదిండి చేపల రేవులో మా బాబాయికి ఐసు ఫ్యాక్టరీ ఉంది. కోర్సు పూర్తయ్యాక ఉద్యోగం రాకపోతే అక్కడ ఫోను దగ్గర కూర్చోవాలని నాన్నగారు ముందే తేల్చి చెప్పారు. బోటువాళ్ళు ఫోను చేస్తారు, ఎన్ని దిమ్మలు కావాలో అరుస్తారు, నేను ఆ అంకెను వెనక్కి అరవాలి. వెబ్‌పేజీ రాయగల చేతులతో ఐసు దిమ్మలు లెక్కించకూడదని నేను గట్టిగా తీర్మానించుకున్నాను.

నాకు పోటీ అనదగిన మనిషి ఒక్కతే, రేవతి. ముప్పై ఏడు కిలోమీటర్ల అవతలి గుడివాడ నుంచి రోజూ ప్యాసింజరులో వచ్చేది. నా స్నేహితురాలే, నా టిఫిన్‌లో సగం వాటాదారే, అయినా ఊరి మాట వచ్చేసరికి సరిహద్దు కంచె వేసుకునేవాళ్ళం.

"మీ బందరు గురించి రాయడానికేముందే, లడ్డూ తప్ప?" అంది.

"మీ గుడివాడలో మాత్రం ఏముందే? ఒక రైలు దిగి ఇంకో రైలెక్కడమే కదా."

"దిగినవాళ్ళనైనా లెక్కపెట్టుకుంటాం. మీ దగ్గర రైలు పట్టాలే అయిపోతాయి."

ఆ మాటకు జవాబు నోటితో కాక అంకెలతో చెప్పాలనుకున్నాను.

శ్రీహరి సారు నేర్పిన కీలకమైన సూత్రం ఇది: మన పేజీ కోసం వెతికేవాడు ఏ మాట కొడతాడో ఆ మాట మన పేజీలో ఉండాలి, ఎంత ఎక్కువసార్లుంటే అంత త్వరగా దొరుకుతుంది. నేను శాస్త్రీయంగా ఆలోచించాను. మచిలీపట్నం అని ఇంగ్లీషులో రాస్తే పదమూడు అక్షరాలు. బందర్ అంటే ఆరు. పదమూడు అక్షరాలు తప్పు లేకుండా కొట్టేవాడు ఈ జిల్లాలోనే అరుదు. పైగా బస్సు కండక్టరు దగ్గర నుంచి మా అమ్మమ్మ దాకా ఎవరూ మచిలీపట్నం అనరు, బందరే అంటారు. కనుక పేజీ పేరు బందర్. వెతుకుడు మాట బందర్. అంతటితో ఆగితే అది నేనెందుకవుతాను? పేజీ అడుగున, తెల్లటి నేల మీద తెల్లటి అక్షరాలతో, చదివేవాడి కంటికి కనబడకుండా, వెతికే యంత్రానికి మాత్రం కనబడేలా, బందర్ అన్న మాటను నూట ఎనిమిదిసార్లు రాశాను. రామకోటి రాసేవాళ్ళు కూడా మధ్యలో కాఫీకి లేస్తారు. నేను లేవలేదు.

రాస్తుండగా అటెండరు మస్తాన్ గారు తువ్వాలు మడత పెడుతూ తెర వైపు చూశారు. బందరులో పుట్టి పెరిగిన మనిషి, ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు.

"అమ్మాయిగారూ, ఆ మాట అన్నిసార్లు రాస్తే, అటు హిందీవాళ్ళు చూశారంటే..."

"చూడాలనే కదండీ రాసేది" అన్నాను.

ఆయన ఇంకేదో చెప్పబోయారు. నేను అరవై రెండో బందర్ దగ్గరున్నాను, లెక్క తప్పుతుందని చెయ్యెత్తి ఆపాను. పాఠకులు ఆ చేతిని గుర్తుంచుకోవాలి.

ఉచితంగా చోటిచ్చే ఒక సర్వరులో పేజీ పెట్టాను. ఎందరు చూశారో చూపే మీటరు ఒకటి, వచ్చినవారు నాలుగు మాటలు రాసిపోయే సందర్శకుల పుస్తకం ఒకటి తగిలించాను. మొదటి వారం మీటరు ఏడు చూపించింది. అందులో ఆరుసార్లు నేనే. రేవతి గుడివాడ తొమ్మిది దగ్గరుంది. రెండో వారం నాది పదకొండు. మూడో వారం సోమవారం నాడు తువ్వాలు తీసి చూస్తే మూడు వందల నలభై.

మీటరు చెడిపోయిందేమోనని రేవతి అనుమానించింది. చెడిపోలేదు. బుధవారానికి ఐదు వందలు దాటింది. కాన్పూరు, లక్నో, జబల్‌పూరు నుంచి జనం బందరు చూడటానికి తోసుకుంటూ వస్తున్నారు. సందర్శకుల పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలతో హిందీలో రాస్తున్నారు.

ఇక్కడ నా హిందీ గురించి ఒక గణాంకం ఇవ్వాలి. పదో తరగతిలో నాకు హిందీలో వచ్చినవి ఇరవై మూడు. ఇరవై వస్తే పాసు. ఆ మిగిలిన మూడు మార్కుల ధైర్యంతో అనువాదానికి కూర్చున్నాను.

కాన్పూరు ఆయన రాసింది: "బందర్ హమారీ ఛత్ పర్ రోజ్ ఆతే హైఁ." హమారీ అంటే మా, రోజ్ అంటే రోజూ, ఆతే హైఁ అంటే వస్తారు. ఛత్ తెలియలేదు, అదేదో బజారు పేరని నిర్ణయించాను. అంటే మన బందరు రోల్డు గోల్డు వ్యాపారులు రోజూ కాన్పూరు వెళ్తున్నారన్నమాట. లక్నో ఆవిడ రాసింది: "కేలా దేఖ్‌తే హీ హాథ్ సే ఛీన్ లేతే హైఁ." కేలా అంటే అరటిపండు, హాథ్ అంటే చెయ్యి. దివిసీమ అరటిపళ్ళు అక్కడ చేతుల మీదుగా అమ్ముడుపోతున్నాయని గ్రహించి, ఆ సాయంత్రం నాన్నగారికి కూడా చెప్పాను. ఆయన మోపిదేవిలో అరటి తోట ఉన్న స్నేహితుడికి చెప్పారు. ఆ స్నేహితుడు రెండు రోజులు సంతోషంగా ఉన్నారు.

జబల్‌పూరు మనిషి మాత్రం విసుక్కున్నాడు. ఇంత పెద్ద పేజీలో బందర్ ఫోటో ఒక్కటి కూడా లేదని అతని ఫిర్యాదు. ఏక్, ఫోటో, నహీఁ, మూడూ తెలిసిన మాటలే కనుక ఈ అనువాదంలో పొరపాటు లేదు. న్యాయమైన ఫిర్యాదు. నా దగ్గర ఫ్లాపీలో ఉన్నది ఒకే ఒక్క ఫోటో, మా ఆఖరి సంవత్సరం గ్రూపు ఫోటో. రెండు వరసల్లో మేము, ముందు కుర్చీల్లో లెక్చరర్లు, నట్టనడుమ కండువాతో ప్రిన్సిపాల్ గారు. ఊరంటే మనుషులే కదా అని తాత్త్వికంగా ఆలోచించి దాన్నే పెట్టాను. పైన పెద్ద అక్షరాలతో శీర్షిక: అవర్ బందర్.

మస్తాన్ గారు ఈసారి దగ్గరికే వచ్చారు.

"ఆ ఫోటో మీద ఆ పేరొద్దమ్మా. నా మాట వినండి."

"పేరు పెట్టకపోతే ఎవరో ఏమిటో వాళ్ళకెలా తెలుస్తుందండీ?"

"తెలియకపోవడమే మంచిదమ్మా" అని ఆయన నిట్టూర్చి వెళ్ళిపోయారు. పెద్దవాళ్ళకు సాంకేతికత అంటే భయం సహజమని రేవతితో అన్నాను.

ఫోటో పెట్టిన మూడో రోజున ఒక సందేశం వచ్చింది: "బీచ్ వాలా సబ్‌సే అచ్ఛా." దీనికి నిఘంటువు అక్కరలేదు. అచ్ఛా అంటే మంచిది. బీచ్ అంటే, బందరు పిల్లనైన నాకు వేరే చెప్పాలా, మంగినపూడి. పట్నానికి పదకొండు కిలోమీటర్లు. ఇంగ్లీషులో బీచ్ స్పెల్లింగ్ తప్పు రాశాడు, పాపం. అన్నింటికన్నా మా బీచ్ బాగుందంటున్నాడు. పేజీలో బీచ్ ఫోటో లేకుండానే అతనికి ఎలా నచ్చిందన్న ప్రశ్న నాకు రాలేదు. విజయం దగ్గరపడినప్పుడు ప్రశ్నలు రావు.

ఇక ఆ మంగళవారం. డెబ్బై కిలోమీటర్ల అవతలి విజయవాడ నుంచి పరీక్షాధికారి వచ్చారు. సన్నగా, నిదానంగా ఉన్న పెద్దమనిషి. తొమ్మిదేళ్ళు భోపాలులో పనిచేసి వచ్చారని శ్రీహరి సారు పరిచయం చేశారు. ఆ వాక్యం నా చెవిన పడింది కానీ లోపలికి దిగలేదు. ప్రిన్సిపాల్ గారు కూడా వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

ముందు రేవతి చూపించింది. నలభై ఒక్క మంది సందర్శకులు. గుడివాడలో మేనమామ ఇల్లున్న ఒకాయన సెలవుల్లో ఆ వీధిలో తిరిగిన రోజులు గుర్తు చేసుకుంటూ పది వాక్యాలు రాశాడు. పరీక్షాధికారి తల ఊపారు. తరువాత నా వంతు.

"మీ పేజీకి ఎంతమంది వచ్చారమ్మా?"

"పదమూడు వందల పన్నెండు మందండీ."

ప్రిన్సిపాల్ గారు కుర్చీలో నిటారుగా అయ్యారు. అప్పుడు సమయం పదకొండు గంటల ఎనిమిది నిమిషాలు.

నేను పేజీ తెరిచాను. మా టెలిఫోను లైను వేగానికి శీర్షిక వెంటనే వచ్చేది, ఫోటో మాత్రం దుకాణంలో చీర విప్పి చూపించినట్టు పైనుంచి కిందికి మెల్లగా దిగేది. ముందు వేపచెట్టు కొమ్మలు వచ్చాయి. ఈలోగా కాలం వృథా కాకూడదని, సందేశాలను ప్రింటు తీసిన కాగితాలు విప్పి, ఒక్కొక్కటీ హిందీలో చదివి తెలుగు తాత్పర్యం చెప్పడం మొదలుపెట్టాను. కాన్పూరుకు రోల్డు గోల్డు. లక్నోకు అరటిపళ్ళు.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు. కన్నీళ్ళు చూసి, మాతృజిల్లా మీద అభిమానమనుకున్నాను.

"ఆ చివరిదేమిటమ్మా, ఇంకోసారి చదవండి" అన్నారు.

"బీచ్ వాలా సబ్‌సే అచ్ఛా. మంగినపూడి బీచ్ అన్నింటికన్నా బాగుందని, అండీ."

"ఇది ఫోటో చూసి రాశాడా?"

"అవునండీ."

"ఫోటోలో బీచ్ ఉందా?"

తెర వైపు చూశాను. వెనుక వరస తలలు వచ్చాయి. లేదండీ అన్నాను. ఫోటో ఇంకో అంగుళం దిగింది.

అంతవరకూ గుమ్మం దగ్గర టీ ట్రేతో నిలబడి ఉన్న మస్తాన్ గారి వైపు ప్రిన్సిపాల్ గారు తిరిగారు. "నీకొచ్చుగా హిందీ. బీచ్ అంటే ఏంటోయ్?"

"నడుమ అండీ. నడుమ ఉన్నాయన అందరికన్నా బాగున్నారని."

"ఎవరిలో?"

మస్తాన్ గారు నా వైపు చూశారు. నేను ఎత్తి ఆపిన చేతిని ఆయన మరచిపోలేదు, అయినా ఆ చూపులో జాలి ఉంది. "బందర్ అంటే మా వాళ్ళు రేవు అనీ అంటారండీ" అని మెల్లగా మొదలుపెట్టి, ఆగి, "హిందీవాళ్ళు మాత్రం కోతి అంటారు" అని ముగించారు.

సరిగ్గా ఆ క్షణానికి, మా కోతులు అన్న శీర్షిక కింద, నట్టనడుమ, ముందు మెరిసే బట్టతల, తరువాత నుదురు, తరువాత మీసం, తరువాత కండువా, ప్రిన్సిపాల్ గారు సంపూర్ణంగా అవతరించారు.

కాన్పూరు డాబాల మీదికి రోజూ వచ్చేదెవరో, లక్నోలో అరటిపండు చూడగానే చేతిలోంచి లాక్కునేదెవరో అప్పుడు తెలిసింది. మీరిప్పుడు నవ్వవచ్చు. అప్పుడు నవ్విన మొదటి మనిషి రేవతి. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది కానీ ఆ చున్నీ కూడా నవ్వింది.

నేను వెంటనే లొంగిపోలేదు. ఏ ఉద్దేశంతో వచ్చినా పదమూడు వందల పన్నెండు మంది వచ్చిన మాట వాస్తవమని వాదించాను. పెద్దాయన ఓపికగా విన్నారు.

"నలభై ఒక్క మంది గుడివాడ కోసం వచ్చి గుడివాడ చూశారమ్మా. మీ దగ్గరికి వచ్చినవాళ్ళు కోతుల కోసం వచ్చి..." అని, ప్రిన్సిపాల్ గారి వైపు చూసి వాక్యం పూర్తి చేయలేదు.

ప్రిన్సిపాల్ గారు చాలాసేపు తెర వైపే చూశారు. నన్ను కాలేజీ నుంచి పంపేస్తారనుకున్నాను. లేచి కండువా సర్దుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

"ఫోటో తీసెయ్యమ్మా. ఆ తెల్లక్షరాలు కూడా తీసెయ్" అన్నారు. తరువాత గొంతు తగ్గించి, "ఆ చివరి సందేశం మాత్రం ఉండనీ. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆ మాట ఎవరూ అనలేదు."

ఉద్యోగం రేవతికి వచ్చింది. ఐసు ఫ్యాక్టరీ ఫోను నాకు వచ్చింది. ఆ తరువాత మళ్ళీ చదివి వెబ్‌సైట్లు తయారుచేయడమే వృత్తిగా పెట్టుకున్నాను. గిలకలదిండి రేవు సాక్షిగా, అరవై రెండో బందర్ దగ్గర ఎత్తిన ఈ కుడిచేతినే మళ్ళీ ఎత్తి ప్రమాణం చేస్తున్నాను: నాకు అర్థం కాని భాషలో వచ్చిన మెచ్చుకోలును ఈ జన్మలో నలుగురి ముందు చదవను, టీ ట్రేతో నిలబడి ఎవరైనా ఏదైనా చెప్పబోతే, ట్రే దింపించి, కుర్చీ వేసి వింటాను.

మొత్తం నష్టం: పోయిన మార్కులు ముప్పై ఆరు. ఉద్యోగం ఒకటి. ఐసు దిమ్మల అంకెలు అరిచిన నెలలు పదకొండు. మోపిదేవిలో భగ్నమైన అరటి ఆశలు, రెండెకరాల మేరకు. చెరిపేసిన బందర్లు నూట ఎనిమిది. తీసేసిన ఫోటో ఒకటి. ఆ తరువాత పేజీకి వారానికి వచ్చిన సందర్శకులు ఇద్దరు: ఒకరు నేను, రెండోవారు ప్రిన్సిపాల్ గారు.