ఆ తీగ కట్టింది నేనే

కిరోసిన్ వాసన ఇప్పుడు మా నారాయణఖేడ్‌లో ఎక్కడో గాని తగలదు. మొన్న నా బండి చైన్ మోత పెడుతుంటే కల్హేర్ దారిలో ఒక షెడ్డు ముందు ఆగాను. అక్కడి మెకానిక్ చైన్ ఊడదీసి రేకు పళ్లెంలో వేసి, సీసాలోంచి కిరోసిన్ పోశాడు. వాసన తగలగానే నేను రోడ్డు దాటి అవతల నిలబడ్డాను. "వాసన పడదా సార్?" అని నవ్వాడతను. పడక కాదు.

నా చిన్నప్పుడు దసరా వచ్చేసరికి వానలు వెనుకబట్టి, కంది చేలు పచ్చటి పూత మీద ఉండేవి. సద్దుల బతుకమ్మ నాడు మిగిలిన మలీద ముద్దలు జేబులో వేసుకుని, బెల్లం జిగురు వేళ్లకు అంటుతుండగానే మేము కర్రతో బిళ్లను ఎగరగొడుతూ చిర్రగోనె ఆడేవాళ్లం. పండుగ పొద్దున మా నాయిన ఇంట్లోని ఇనుమంతా వాకిట్లోకి తెప్పించేవాడు. నాగలి కర్రు, కొడవళ్లు, గొడ్డలి, గడ్డపార, చివరికి అమ్మ కూరగాయలు తరిగే కత్తిపీట కూడా ఇటుక పొడితో తోమించుకుని, సున్నం, కుంకుమ బొట్లు పెట్టించుకుని గోడకు ఆని కూర్చునేవి. బొట్టు పెట్టాక మర్నాటి దాకా వాటిని పనికి ముట్టకూడదు. ఏడాదంతా మన కోసం అరిగినవాటికి ఒక్క రోజు సెలవని నాయిన చెప్పేవాడు.

ఆ ఏడు నాకు పదమూడేళ్లు. చిన్నాయన మోటార్‌సైకిల్ కడిగే పని మొదటిసారి నాకు అప్పజెప్పారు. మా గల్లీకంతా అదొక్కటే బండి. "చైన్ మీద గుడ్డతోని తుడువు, అంతే. ఇప్పకు," అని చిన్నాయన గట్టిగా చెప్పి స్నానానికి పోయాడు. కాని పది రోజుల కింద మెకానిక్ మానిక్ తన షెడ్డులో ఈ బండి చైనే ఊడదీయడం నేను చూశాను. చైన్ రెండు కొనలనూ కలిపే చోట గోరంత లాకు ఒకటి ఉంటుంది. మానిక్ దాన్ని పట్కారుతో టక్కున లేపి, చైన్‌ను గ్యాస్‌నూనెలో, అదే కిరోసిన్‌లో, ముంచి, తోమి, వెండి గొలుసులా బయటికి తీశాడు. నేను కూడా అలా తీయాలనుకున్నాను. తీశాను, కడిగాను, మెరిపించాను. మళ్లీ బిగించబోతే లాకు లేదు. నల్లటి నూనె పారబోసిన మట్టిని వేళ్లతో జల్లెడ పట్టాను. దొరకలేదు.

మానిక్ షెడ్డుకు పరుగెత్తాను. అప్పటికే నట్లు విప్పే అతని పానాలన్నీ ఎర్రగుడ్డ మీద వరుసగా బొట్లు పెట్టుకుని ఉన్నాయి. ముందర నిమ్మకాయ, ఊదుబత్తి.

"ఏం పని వడ్డది చిన్న పటేలా, గట్ల ఉర్కొచ్చినవ్?"

"ఏం లే. ఉత్తగనే."

"బండి పని అయితే రేపు పొద్దుగాల రా. ఇయ్యాల మా పానాలు సుత పటేండ్లే, ముట్టనియ్యయి," అని నవ్వి, అరటిపండు చేతిలో పెట్టాడు.

చైన్ విప్పానని చెబితే ఏదో దారి చెప్పేవాడే. చెబితే ఇంట్లో తెలుస్తుంది. నాయిన చెయ్యి ఎలాంటిదో నాకు తెలుసు. ఇంటికి వచ్చి దడి కట్టగా మిగిలిన సన్న తీగ లాకు చోట మూడు చుట్లు చుట్టి, కొనలు లోపలికి మడిచాను. నాయిన బండికి బొట్టు పెట్టాడు. చక్రం కింద నిమ్మకాయ చితికింది.

బండికి మాత్రం ఆ ఒక్క రోజు సెలవు లేదు. పొద్దు వాలకముందే చిన్నాయన జమ్మి ఆకు జేబులో పెట్టుకుని అత్తగారి ఊరికి బయలుదేరాడు. సిర్గాపూర్ దారిలో తీగ తెగింది. ఊడిన చైన్ ముందరి పళ్ల చక్రానికి చుట్టుకుని ఇంజన్ డొప్పను పగలగొట్టింది. వెనుక చక్రం బిగుసుకుపోయి బండి ఎడమవైపుకు పడింది. దాని కింద చిన్నాయన పాదం. ఖేడ్ దవాఖానలో కట్టు కట్టి సంగారెడ్డి పంపారు. మడమ మళ్లీ సరిగ్గా అతకలేదు.

మర్నాడు బండిని ట్రాక్టర్ మీద మానిక్ షెడ్డుకు చేర్చారు. "నువ్వు బిగిచ్చిన చైనే గదరా! నా తమ్మున్ని కుంటోన్ని జేస్తివి!" అని నాయిన నలుగురిలో అతని చెంప మీద కొట్టాడు. "లాకు పెట్టిన పటేలా, నా చేతులార పెట్టిన," అన్నాడు మానిక్. చెంప తుడుచుకుని బండి విప్పడం మొదలుపెట్టాడు. పగిలిన డొప్పను బీదర్ తీసుకుపోయి అతుకు పెట్టించుకొచ్చాడు.

బండి పని ఎంతవరకు వచ్చిందో చూసి రమ్మని నాయిన నన్ను పంపాడు. మానిక్ నా చెయ్యి పట్టుకుని అరచేతిలో ఏదో పెట్టాడు. మూడు చుట్ల తీగ ముక్క.

"పళ్ల సందుల ఇరికింది. నువ్వే గదా?"

నేను తీగ ముక్క మీద గుప్పిట మూశాను.

"నేన్ జెప్తే, తప్పు పోరని మీదికి నూకుతుండు అంటరు. నువ్వే చెప్పు మీ నాయినకు. జల్దీ చెప్పు బిడ్డా, నా షెడ్డుకు ఎవ్వలస్తలేరు."

ఇంటికి పోతూ దాన్ని కంది చేలోకి విసిరేశాను. వారపు అంగడి నాడు నాయిన కనబడిన వాళ్లందరికీ మానిక్ దగ్గరికి బండి పంపవద్దని చెబుతుంటే పక్కనే నిలబడ్డాను. వేసవి రాకముందే మానిక్ షెడ్డు రేకులు విప్పుకుని, పెండ్లాం పిల్లలతో హైదరాబాద్‌కు కూలికి పోయాడు. అక్కడే చనిపోయాడని చాలా ఏండ్ల తర్వాత తెలిసింది.

నాయిన కూడా పోయాడు. పోయిన దసరాకు చిన్నాయన చేతిలో జమ్మి పెట్టి, కాళ్లు మొక్కి, అంతా చెప్పాను. ఆయన వంకర పాదాన్ని నిమురుకున్నాడు.

"నా కాలు బోతే బోయింది. ముప్పై ఏండ్లు గాయిన్ను తిట్టిన గదరా. గాయినకు చెప్పినవా?"

"లేదు చిన్నాయనా. చెప్పేటందుకు మనిషి లేడు."

ఆయన జమ్మి ఆకును మళ్లీ నా చేతిలోనే పెట్టేశాడు.

మొన్న కల్హేర్ దారి మెకానిక్ పని ముగించి పిలిచాడు. నేను వంగి లాకు పడిందో లేదో చూశాను.

"పెట్టిన సార్. నమ్మకం లేదా?"

"ఖేడ్‌ల మానిక్ అని ఓ మెకానిక్ ఉండె. ఎరుకేనా?"

"గా పేరు ఎన్నడు ఇనలే."

కందులూ జొన్నలూ ఇప్పటికీ పండుతున్నాయి. రేషన్ దుకాణంలో గ్యాస్‌నూనె లేదు, దసరాకు కర్రు తోమే ఇల్లు మా గల్లీలో లేదు, మానిక్ షెడ్డు ఉన్న చోట ఏ గుర్తూ లేదు. అతన్ని చెడ్డ పనివాడన్న వాళ్లు కూడా దాదాపు అందరూ పోయారు. అయినా రాస్తున్నాను. మానిక్ బిగించిన లాకు ఊడిపోలేదు. నేను ఊడదీశాను.